612, 487: ఒకే అమ్మాయి, ఒకే వారం – నీట్ మాక్ టెస్టుల మార్కులను పోల్చడం ఎలా?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా దూరపు బంధువుల అమ్మాయి విజయవాడలో వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌కు లాంగ్ టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక ఏడాది పాటు శిక్షణ, చదువుతోంది. ఫిబ్రవరిలో ఒక ఆదివారం క్యాంపస్‌లో పెట్టిన గ్రాండ్ టెస్టులో ఆమెకు 720కి 612 మార్కులు వచ్చాయి. నాలుగు రోజులు గడిచాక బయటి సంస్థ ఒకటి నడిపే టెస్ట్ సిరీస్‌లో పేపరు రాస్తే 487 వచ్చాయి. వాళ్ల నాన్న ఆ రెండు మార్కుల కాగితాలూ మడిచి జేబులో పెట్టుకుని మా ఇంటికి వచ్చి, "ఇందులో ఏది నిజం అన్నయ్యా?" అని అడిగాడు. ఇరవై ఏళ్లుగా బైపీసీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నాను కనుక, సంక్రాంతి వెళ్లిన దగ్గర నుంచి మే నెల వరకు ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అడిగేటప్పుడు వాళ్ల ముఖంలో ఉండే ఆందోళన నాకు తెలుసు. అందుకే ఈ విషయాన్ని తీరిగ్గా విడదీసి చెప్పాలనిపించింది.

రెండూ నిజమే. కాకపోతే ఒకటి కుంచంతో కొలిచినది, రెండోది మానికతో కొలిచినది. కొలపాత్ర ఏమిటో చూడకుండా అంకెలను మాత్రమే పక్కపక్కన పెడితే, ధాన్యం పెరిగిందో తరిగిందో తెలియదు. పరీక్ష మార్కుల్లో ఈ పొరపాటు ఇంకా సులభంగా జరుగుతుంది, ఎందుకంటే రెండు పేపర్ల మీదా ఒకటే మాట అచ్చువేసి ఉంటుంది: 180 బిట్లు, 720 మార్కులు, మూడు గంటలు. పైకి కొలత ఒకటేనన్నట్టు కనిపిస్తుంది.

ఆ రోజు మేము మొత్తం మార్కులను పక్కన పెట్టి రెండు పేపర్లనూ బల్ల మీద పరిచాము. క్యాంపస్ పేపర్లో ఆమెవి 156 సరైనవి, 12 తప్పులు, 12 వదిలేసినవి. బయటి పేపర్లో 130 సరైనవి, 33 తప్పులు, 17 వదిలేసినవి. సబ్జెక్టుల వారీగా చూస్తే చిత్రం మారిపోయింది. జీవశాస్త్రంలో 360కి క్యాంపస్ పేపర్లో 332, బయటి పేపర్లో 312 వచ్చాయి. రసాయనశాస్త్రంలో 149 కాస్తా 109 అయింది. భౌతికశాస్త్రంలో 131 ఉన్నది ఏకంగా 66కి పడిపోయింది. తగ్గిన 125 మార్కుల్లో సగానికి పైగా, అంటే 65 మార్కులు, ఒక్క భౌతికశాస్త్రంలోనే పోయాయి. జీవశాస్త్రంలో తగ్గినవి 20 మాత్రమే. కనుక "పిల్ల చదువు పడిపోయింది" అన్న మాట ఈ కాగితాలలో ఎక్కడా లేదు. ఉన్నదల్లా భౌతికశాస్త్రం గురించిన ప్రశ్న.

ఆ ప్రశ్నకు సగం జవాబు ఆమె హాస్టల్ నుంచి తెచ్చుకున్న మెటీరియల్ పుస్తకంలోనే దొరికింది. క్యాంపస్ పేపర్లో ఆమె సరిగా చేసిన 34 భౌతికశాస్త్రం బిట్లను ఒక్కొక్కటిగా ఆ పుస్తకంలో వెతికితే, అందులో 19 కేవలం అంకెలు మార్చిన లెక్కలు. వాలుతలం మీద దిమ్మ బరువు రెండు కిలోలు ఉన్నచోట ఐదు కిలోలు చేశారు, అంతే. పేపరు తయారుచేసేవారూ మెటీరియల్ తయారుచేసేవారూ ఒకే బృందంలో ఉన్నప్పుడు ఇది సహజంగా జరుగుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. వారం వారం పెట్టే పరీక్ష చెప్పిన పాఠం వంటబట్టిందో లేదో చూడడానికే కదా. అయితే ఆ పరీక్షలో వచ్చిన మార్కు చెప్పేది "నేర్పినది నేర్చుకుంది" అన్న సంగతి ఒక్కటే. ఎవరో తెలియని ఉపాధ్యాయుడు ఎప్పుడూ చూడని కోణంలో అడిగితే ఏం చేస్తుందన్నది ఆ మార్కు చెప్పలేదు.

ఇక్కడ అదృష్టం పాత్ర ఎంతో కూడా లెక్క కట్టాలి. దీనికి పెద్ద గణితం అవసరం లేదు. సగటున నూటికి 75 బిట్లు సరిగా చేయగల విద్యార్థి ఒకరున్నారనుకుందాం. 180 బిట్లూ రాస్తే 135 సరైనవి, 45 తప్పులు. ఒక్కో సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 కోత కనుక 540లో 45 పోగా 495 మార్కులు రావాలి. కానీ ప్రతి పేపర్లోనూ సరిగ్గా 135 రావు. ఆ రోజు ఏ పాఠం నుంచి ఏ బిట్టు వచ్చిందన్నదాన్ని బట్టి ఆరు బిట్లు అటో ఇటో కావడం మామూలే. బిట్టు తారుమారైతే పోయేవి నాలుగు మార్కులు కాదు, ఐదు. రావలసిన నాలుగూ పోయి పైనుంచి ఒకటి కోత పడుతుంది. ఆరు బిట్లంటే 30 మార్కులు. అంటే ఆ విద్యార్థి చదువులో రవ్వంత మార్పు లేకుండానే ఒక వారం 465, ఇంకో వారం 525 రావచ్చు. రెండు పేపర్లను పోల్చినప్పుడు ఈ ఊగిసలాట రెండింటిలోనూ ఉంటుంది కనుక, 40 మార్కుల తేడా వచ్చినంత మాత్రాన ఏదో జరిగిందని చెప్పడానికి వీల్లేదు. కొన్ని బిట్లు ఆ విద్యార్థికి ఖాయంగా వస్తాయి, కొన్ని ఎప్పటికీ రావు కనుక నిజమైన ఊగిసలాట దీనికన్నా కొంత తక్కువ ఉంటుంది. అయినా పది, పదిహేను మార్కుల తేడాకు పిల్లలను నిలదీసే తల్లిదండ్రులు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూడాలని నా కోరిక.

ఈ ఊగిసలాట ఎందుకుంటుందో నా సబ్జెక్టులోనే చూపించగలను. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల జీవశాస్త్రంలో ఇప్పుడు కలిపి 32 పాఠాలున్నాయి. నీట్‌లో జీవశాస్త్రం బిట్లు 90. సగటున పాఠానికి మూడు బిట్లు కూడా రావు. ఒక పాఠంలో ఇరవై పేజీలుంటే మూడు బిట్లు ఆ ఇరవై పేజీల్లో ఏ మూడు చోట్ల పడతాయో ఎవరికీ తెలియదు. పుష్పించే మొక్కల స్వరూపశాస్త్రంలో ఒక పేపరు అండాశయం అమరిక అడుగుతుంది, ఇంకొకటి కుటుంబాల లక్షణాలు అడుగుతుంది. మొదటిది బాగా వచ్చి రెండోది రాని పిల్లవాడికి ఆ పాఠం వచ్చినట్టా, రానట్టా? పేపరు మారితే జవాబు మారుతుంది.

అయితే 125 మార్కుల తేడాను అదృష్టం ఖాతాలో వేసి ఊరుకోలేము. పేపర్ల కాఠిన్యంలో తేడా ఎంత, అమ్మాయి తయారీలో లోపం ఎంత అన్నది తేల్చాలి. దీనికి నాకు తెలిసిన మంచి మార్గం ఒకటే: రెండు పేపర్లూ రాసిన అదే పిల్లల మధ్య ఆమె స్థానం చూడడం. ఆమె క్యాంపస్‌లో దాదాపు మూడు వందల మంది గ్రాండ్ టెస్టు రాస్తే, బయటి సిరీస్‌కు డబ్బు కట్టిన వారు అరవై మంది. క్యాంపస్ ర్యాంకు 41 అనీ, బయటి సిరీస్‌లో రాష్ట్రస్థాయి ర్యాంకు వేలల్లో ఉందనీ వాళ్ల నాన్న దిగులు పడ్డాడు. ఆ రెండు ర్యాంకులకూ పోలికే లేదు, ఎందుకంటే రాసిన గుంపులే వేరు. అమ్మాయి స్నేహితుల దగ్గర మార్కులు తెలుసుకుని ఆ అరవై మంది వరకే జాబితా వేస్తే, క్యాంపస్ పేపర్లో ఆమె తొమ్మిదో స్థానంలో ఉంది. బయటి పేపర్లో ఎనిమిదో స్థానంలో ఉంది. మార్కులు 125 తగ్గాయి, స్థానం కదలలేదు. ఆమెకు కష్టమైన పేపరు మిగతా యాభై తొమ్మిది మందికీ కష్టంగానే ఉందన్నమాట.

ఈ సంగతి విన్నాక వాళ్ల నాన్న ముఖం తేటపడింది. నేను మాత్రం అక్కడితో ఆగలేదు. ఆ అరవై మందీ ఒకే మెటీరియల్ చదివినవాళ్లు. మెటీరియల్‌లో లేనిది ఏదైనా ఉంటే అది అందరికీ లేనట్టే. కనుక వాళ్లలో స్థానం నిలబడడం పేపరు కఠినమైనదని చెబుతుందే గాని, భౌతికశాస్త్రంలో 66 సరిపోతాయని చెప్పదు.

మార్కును నేరుగా నమ్మకూడదన్నదానికి అసలు పరీక్షే పెద్ద సాక్ష్యం. 2024లో మొదట ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. గ్రేస్ మార్కుల రద్దు, ఒక భౌతికశాస్త్రం ప్రశ్న జవాబుపై సుప్రీంకోర్టు ఆదేశం తరువాత సవరించిన ఫలితాల్లో ఆ సంఖ్య 17కి తగ్గింది. ఆ ఏడాది 650 మార్కులు వచ్చిన వారి ర్యాంకు ఇరవై వేలు దాటింది. మరుసటి ఏడాది 2025లో దేశంలో మొదటి ర్యాంకు విద్యార్థికి వచ్చినవే 686. 650 దాటిన వారు దేశం మొత్తం మీద 73 మంది. రెండేళ్లలోనూ మొత్తం 720యే, పాఠ్యప్రణాళికలో చెప్పుకోదగ్గ మార్పూ లేదు. భౌతికశాస్త్రం పేపరు కఠినమైంది, మార్కు విలువ మారిపోయింది. జనరల్ విభాగంలో అర్హత గీత రాసినవారిలో సగం మందిని దాటే చోట ఉంటుంది. ఆ గీత కూడా 2024 సవరించిన ఫలితాల్లో 162 దగ్గర ఉంటే 2025లో 144కి దిగింది.

కనుక "మా పక్కింటి అబ్బాయికి 640 వచ్చినా సీటు రాలేదు, మా వాడికి 560 దగ్గరే ఆగిపోయింది" అని బాధపడేవారు ఆ 640 ఏ సంవత్సరానిదో ముందు కనుక్కోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సీట్లు భర్తీ చేసే విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పిల్లలను పిలిచేది నీట్ ర్యాంకు ప్రకారం. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం సీట్లు అఖిల భారత కోటాకు పోగా మిగిలిన 85 శాతం ఇక్కడ నిండుతాయి. గుంటూరు వైద్య కళాశాలలోనో, విజయవాడ సిద్ధార్థలోనో సీటు ఆశించేవారు నిరుటి చివరి ర్యాంకు ఎంతో తెలుసుకుంటే అది కొంతవరకు ఈ ఏడాదికీ పనికొస్తుంది. నిరుటి చివరి మార్కు పనికిరాదు.

పాత పేపర్లను మాక్ టెస్టులుగా రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. 2021 నుంచి 2024 వరకు పేపర్లో 200 బిట్లిచ్చి 180 రాయమనేవారు. వృక్ష, జంతు శాస్త్రాలను విడిగా లెక్కిస్తే నాలుగు విభాగాల్లోనూ 35 తప్పనిసరి, మిగతా 15లో ఏవైనా 10. విభాగానికి ఐదు చొప్పున ఇరవై కష్టమైన బిట్లను వదులుకునే వెసులుబాటు ఉండేది. పైగా 2022 నుంచి సమయం 200 నిమిషాలు. 2025లో ఇవి రెండూ తీసేసి మళ్లీ 180 నిమిషాల్లో 180 తప్పనిసరి బిట్లు పెట్టారు. పాత పేపరును పాత పద్ధతిలోనే రాసి మురిసిపోతే ఆ మార్కు ఇప్పటి కొలతలో పొంగిన మార్కు అవుతుంది. ఆ పేపర్లు రాసేటప్పుడు 15లో మొదటి పదే చేయమని, ఇరవై నిమిషాలు ముందే పేపరు మూసేయమని మా పిల్లలకు చెబుతాను.

2020, అంతకు ముందరి పేపర్లలో ఈ చిక్కు లేదు గాని పాఠ్యాంశాలు మారాయి. మొక్కలలో రవాణా, ఖనిజ పోషణ, జీర్ణక్రియ వంటి పాఠాలు 2024 నుంచి నీట్‌లో లేవు. వాటి బిట్లను ముందే కొట్టేసి మిగిలిన వాటికి శాతం కట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ పాత పేపరైనా పిల్లలు అప్పటికే పాఠాల వారీగా ముక్కలు ముక్కలుగా చేసేసి ఉంటారు. రెండోసారి రాసినప్పుడు వచ్చే 650 జ్ఞాపకశక్తికి వచ్చిన మార్కు. పాత పేపరు విలువ మార్కులో లేదు. అసలు పరీక్ష ఎంత పొడవుగా అడుగుతుంది, ఎన్‌సీఈఆర్‌టీ వాక్యాన్ని ఎలా మెలిపెడుతుంది అన్నది తెలియడంలో ఉంది. బయటి మాక్ టెస్టు మంచిదా కాదా అని తేల్చుకోవడానికీ అసలు పేపరే గీటురాయి. జీవశాస్త్రంలో ఎక్కడో పెద్ద డిగ్రీ పుస్తకంలో ఉన్న సంగతులు అడిగే పేపరును, ఎంత పేరున్న సంస్థదైనా సరే, నేను పక్కన పెట్టేస్తాను.

పరిస్థితుల సంగతి క్లుప్తంగా చెబుతాను. నీట్ మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. మే నెల మొదటి వారంలో విజయవాడలో ఆ వేళ ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర లేదు. చేతి గడియారం ఉండదు, చిత్తు లెక్కకు వేరే కాగితం ఇవ్వరు, ప్రశ్నపత్రం మీదనే చేసుకోవాలి. ఉదయం తొమ్మిదింటికి చల్లని గదిలో రాసిన పేపరు, ఫోనులో వేలితో నొక్కుతూ రాసిన పేపరు దీనితో సమానం కావు. ఓఎంఆర్ పత్రం మీద ఒక్కో వృత్తం దిద్దడానికి ఐదు సెకన్లే అనుకున్నా 180కి పదిహేను నిమిషాలు పోతాయి. ఫోనులో రాసేవారికి ఆ పదిహేను నిమిషాలూ ఉచితంగా దొరుకుతున్నాయి.

ఇక తప్పుల దగ్గరకు రావాలి. అసలు పోలిక ఇక్కడే ఉంది. ఆ అమ్మాయి బయటి పేపర్లో భౌతికశాస్త్రంలో చేసిన 14 తప్పులను ఒక్కొక్కటే ఆమె చేతనే చెప్పించాను. మూడింటికి సూత్రమే గుర్తు లేదు. రెండింటిలో ప్రశ్నను తప్పుగా చదివింది. "కానిది ఏది" అన్న మాట చూడలేదు. మరో మూడు పూర్తిగా ఊహించి పెట్టినవి. మిగిలిన ఆరూ ఒకే రకం: లెక్క మొదలుపెట్టింది, సగం దాకా సరిగానే వెళ్లింది, అక్కడ అంకెలు చిక్కుబడడంతో తన దగ్గరున్న సంఖ్యకు దగ్గరగా కనిపించిన ఆప్షన్ దిద్దేసింది. పేపరు అంచున ఆ సగం లెక్కలు పెన్నుతో అలాగే ఉన్నాయి, ఒకచోట 1.6ను 9.1తో భాగించబోయి మూడుసార్లు కొట్టివేసింది. క్యాంపస్ పేపర్లో ఈ రకం తప్పు ఒక్కటే ఉంది, ఎందుకంటే అక్కడి లెక్కల్లో అంకెలు చక్కగా కొట్టుకుపోయేలా ఇచ్చారు. 131కీ 66కీ మధ్య అసలు కారణం ఇదీ. ఆమెకు భౌతికశాస్త్రం రాకపోవడం కాదు. లెక్కను చివరి దాకా నడిపే అలవాటు తప్పింది. పైగా భౌతికశాస్త్రం చివరికి పెట్టుకోవడంతో దానికి మిగిలినవి ముప్పై ఎనిమిది నిమిషాలే.

ఊహించి పెట్టడం గురించి ఒక మాట. మా తరం తల్లిదండ్రులు ఎంసెట్ రాసినవాళ్లు. 160 బిట్లు, 160 మార్కులు, తప్పుకు కోత లేదు. "ఏ బిట్టూ వదలకు" అన్నది అప్పటి సరైన సలహా. 2017లో మన రాష్ట్రం నీట్‌లోకి వచ్చినా ఆ సలహా చాలా ఇళ్లలో ఇంకా బతికే ఉంది. నీట్‌లో ఏమీ తెలియని బిట్టును గుడ్డిగా పెడితే సగటున పావు మార్కు లాభం. ఉన్నా లేనట్టే, ఊగిసలాట మాత్రం పెరుగుతుంది. ఒక ఆప్షన్ తప్పని నమ్మకంగా కొట్టేయగలిగితే సగటు లాభం ముప్పాతిక మార్కుకు కాస్త తక్కువ, రెండు కొట్టేయగలిగితే ఒకటిన్నర. కనుక పెట్టాలా వద్దా అన్నది ధైర్యానికి సంబంధించిన ప్రశ్న కాదు, ఎన్ని ఆప్షన్లు నిజంగా కొట్టేశామన్న ప్రశ్న. "నిజంగా" అన్న మాటకే ఇక్కడ బరువు. అందుకే మాక్ టెస్టులో ఊహించి పెట్టిన ప్రతి బిట్టు పక్కనా చిన్న చుక్క పెట్టుకోమంటాను. కీ వచ్చాక చుక్కల్లో ఎన్ని సరైనవో లెక్కపెడితే ఆ పిల్లవాడి ఊహ లాభమో నష్టమో రెండు మూడు పేపర్లలోనే తేలుతుంది. చుక్కల వల్ల వచ్చిన మార్కులను తీసేసి చూస్తే, రెండు పేపర్ల మధ్య తేడా కూడా చాలాసార్లు సగానికి తగ్గుతుంది.

అలా ఆ రోజు ఒక నోటుపుస్తకంలో ఐదు గడులు గీశాము: సూత్రం లేదా వాక్యం తెలియనివి, తప్పుగా చదివినవి, సగంలో ఆగినవి, గుడ్డిగా పెట్టినవి, తెలిసి కూడా సమయం లేక వదిలినవి. పేపరు ఎవరు తయారుచేసినా, ఎంత కఠినమైనదైనా ఈ గడులు మారవు. పేపరు కఠినమైతే మొదటి గడి ఉబ్బుతుంది. మూడోది, ఐదోది మాత్రం రాసే మనిషివి. క్యాంపస్ టెస్టులు క్యాంపస్ టెస్టులతో, బయటివి బయటివాటితో పోల్చమని, రెండింటినీ ఒకే గీత మీద ఎక్కించవద్దని చెప్పి పంపాను. భౌతికశాస్త్రాన్ని జీవశాస్త్రం అయిన వెంటనే చేయమన్నాను. రోజుకు పది లెక్కలు, మధ్యలో ఆపకుండా, చివరి అంకె దాకా.

ఏప్రిల్ నెలాఖరుకు ఆ బయటి సిరీస్‌లో మరో మూడు పేపర్లు అయ్యాయి. మొత్తం మార్కులు 487 తరువాత 531, 498, 526. సగంలో ఆగిన భౌతికశాస్త్రం బిట్లు ఆరు, తరువాత ఐదు, మూడు, రెండు. రెండో పేపరుకు 531 వచ్చినప్పుడు వాళ్ల నాన్న ఫోన్ చేసి సంతోషపడ్డాడు, మూడోదానికి 498 వచ్చినప్పుడు చేయలేదు. నాలుగో పేపరు రాసిన రాత్రి ఫోన్ చేసి మార్కులు చెప్పకుండానే, "మూడో గడిలో రెండే ఉన్నాయి అన్నయ్యా, ఆ రెండూ కెపాసిటర్లవే" అన్నాడు.